ఎనభైలో ఊపిరి మిగలాలి

బీ షిఫ్టు రాత్రి పదింటికి దిగుతాం. బట్టలు మార్చుకుని, మిల్లు దగ్గర స్టాండులోంచి బండి తీసి, కూర్మన్నపాలెం గేటు దాటి అనకాపల్లి వైపు హైవే ఎక్కేసరికి పదిన్నర దాటిపోతుంది. ఆ వేళకు పదహారో నంబరు జాతీయ రహదారి పూర్తిగా లారీలదే. మా స్టీల్‌ప్లాంటు నుంచి ఇనుప కడ్డీలూ వైర్ రాడ్ చుట్టలూ ఎక్కించుకున్న ట్రైలర్లు, పోర్టుల నుంచి సరుకు మోసే టిప్పర్లు, పరవాడ ఫార్మా సిటీ నుంచి ట్యాంకర్లు, షిఫ్టు వాళ్లని దింపుకుంటూ వెళ్లే కంపెనీ బస్సులు. వాటి సందుల్లో మాలాంటి వాళ్లం రెండు చక్రాల మీద ఇంటికి పోతుంటాం.

మూడేళ్ల కిందట అలాంటి ఒక రాత్రి, లంకెలపాలెం దాటాక, వైర్ రాడ్ చుట్టలున్న ట్రైలర్‌ని దాటబోయాను. అప్పుడు నాది 125 సీసీ బండి. ట్రైలరు డెబ్బైలో పోతోంది, నేను డెబ్బై అయిదులో ఉన్నాను. యాక్సిలరేటరు చివరిదాకా తిప్పేశాను. ఎదురుగాలికి బండి వేగం అక్కడే నిలిచిపోయింది. ఇంజను గోల పెరిగిందే గానీ ముల్లు కదల్లేదు. గంటకు అయిదు కిలోమీటర్ల తేడా అంటే సెకనుకు మీటరున్నర కూడా కాదు. పద్దెనిమిది మీటర్ల ట్రైలరు పక్కన పన్నెండు, పదమూడు సెకన్లు ఇరుక్కుపోవాలి. క్యాబిన్ పక్కకు వచ్చేసరికి దాని మూతి చీల్చిన గాలి ఒక్కసారిగా తోసింది. బండి మూరెడు దూరం డివైడరు వైపు జరిగింది. వెనక ఇంకో లారీ లైటు వేసుకుని మీదికొస్తోంది. ముందుకు పోదామంటే బండిలో సత్తువ లేదు, వెనక్కి తగ్గుదామంటే చోటు లేదు.

ఎలాగో బయటపడ్డాను. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. "ఏటయ్యిందండీ?" అని మా ఆవిడ అడిగితే, "బండి మార్చాలి" అన్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలు బండ్ల గురించి చదివాను, అడిగాను, తోలి చూశాను. అందులో తేలింది నాలాంటి వాళ్లకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. అనకాపల్లి, సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం లాంటి చోట్ల ఇల్లు పెట్టుకుని గాజువాకకో, పరవాడకో, అచ్యుతాపురం సెజ్‌కో రోజూ హైవే మీద వెళ్లే వాళ్లు వేలమంది ఉన్నారు. ఆదివారం వస్తే వాళ్లకూ భీమిలి బీచ్ రోడ్డు మీదనో, పాడేరు ఘాట్‌లోనో నాలుగు గంటలు తిరగాలని ఉంటుంది. రెండు బండ్లు కొనే స్తోమత మనకు లేదు. ఒక్క బండే రెండు పనులూ చెయ్యాలి.

బండి అనగానే మన ఇళ్లలో మొదట అడిగేది "ఎంతిస్తాది?" అనే. ఆ ప్రశ్న ఎక్కడ మొదలైందో నాకు గుర్తుంది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. మా నాన్న కొన్నదీ అదే. లీటరు పెట్రోలుతో అంతంత దూరం పోవచ్చని మన దేశానికి చూపించిన బండి అది. అప్పట్లో మా ఊరి ముందున్న హైవే రెండు వరసల రోడ్డు. దాని మీద నలభై అయిదు, యాభైలో పోతే అదే వేగం. తర్వాత స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరసలయ్యింది. ఇప్పుడు అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా సుమారు 50 కిలోమీటర్ల మేర ఆరు వరసల రోడ్డు వచ్చింది. రోడ్డు ఇంత మారినా మన ప్రశ్న మారలేదు. వంద సీసీ బండి మీదే, ఎనభైలో పోయే బస్సుల మధ్యకు వెళుతున్నాం.

చట్టం ప్రకారం నాలుగు, అంతకన్నా ఎక్కువ వరసల డివైడరు రోడ్ల మీద ద్విచక్ర వాహనాల గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. నగరపాలక సంస్థ పరిధిలోని రోడ్లపై 60. అంటే నూట నలభై పోయే బండి మనకు అక్కర్లేదు. కావలసింది ఎనభైలో పోతున్నా ఇంకా ఊపిరి మిగిలిన బండి. లారీని దాటడానికి, మీదికొచ్చేవాడి నుంచి తప్పుకోవడానికి ఆ మిగులు పనికొస్తుంది.

ఎంత మిగలాలో తెలియాలంటే గాలి లెక్క కాస్త అర్థం చేసుకోవాలి. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గంగా పెరుగుతుంది. ఆ అడ్డును తోసుకుపోవడానికి ఇంజను పెట్టాల్సిన శక్తి ఘనంగా పెరుగుతుంది. అరవైలో పోయే బండి ఎనభైకి చేరాలంటే వేగం మూడో వంతే పెరుగుతుంది, కానీ గాలిని కోయడానికే రెండింతలకు పైగా శక్తి కావాలి. మన వంద సీసీ బండ్లలో ఉండేది సుమారు 8 హార్స్‌పవర్. ఎనభైకి చేరేసరికి అది దాదాపు మొత్తం ఖర్చయిపోతుంది. వెనక ఇంకో మనిషి ఉంటేనో, సముద్రం వైపు నుంచి ఎదురుగాలి కొడితేనో అసలు చేరదు. 125 సీసీలో ఇంకో రెండు, మూడు హార్స్‌పవర్ ఎక్కువ ఉంటుంది. ఆ రాత్రి నా దగ్గర ఉన్నది అంతే. 20 హార్స్‌పవర్ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఎనభైలో సగం శక్తి ఇంకా చేతిలోనే ఉంటుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 200 సీసీ టీవీఎస్ అపాచీ ఆర్టీఆర్‌లోనూ 20 హార్స్‌పవరే, 349 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్‌లోనూ 20 హార్స్‌పవరే. కాగితం మీద రెండూ ఒకటే. కానీ అపాచీ ఆ శక్తిని నిమిషానికి 9,000 చుట్ల దగ్గర ఇస్తుంది, క్లాసిక్ 6,100 దగ్గర ఇచ్చేస్తుంది. చక్రాన్ని తిప్పే బలం, అంటే టార్క్, మొదటిదానికి 17 న్యూటన్ మీటర్లు, రెండోదానికి 27. చిన్న ఇంజను గేరు తగ్గించి అరిపిస్తే గానీ దూకదు. పెద్దది ఉన్న గేరులోనే గొంతు పెంచకుండా లాగుతుంది. కుర్రవాడికి మొదటిది హుషారుగా ఉంటుంది, కాదనను. బరువు నలభై కిలోలు తక్కువ, ట్రాఫిక్‌లో చేపలా జారుతుంది. ఎనిమిది గంటలు మిల్లులో నిలబడి వచ్చిన మనిషికి రెండోదే సుఖం.

నేను మిల్లులో మెయింటెనెన్సు పని చేస్తాను. అదురు నాకు తెలిసిన విషయం. పాతకాలపు ఫిట్టర్లు స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవారు. గరగర వినబడితే ఆ బేరింగుకు ఇంకెన్ని రోజులుందో చెప్పేవారు. నాకు పని నేర్పిన పెద్దాయన "అబ్బాయ్, అదిరే మిషను అలిసిపోయిన మిషను" అనేవారు. మనిషీ అంతే. ఒకే సిలిండరున్న ఇంజనులో పిస్టను పైకీ కిందికీ కొట్టుకుంటూ ఉంటుంది. దాని ఊపును ఎదురుగా సరితూచేది ఏదో ఒకటి లేకపోతే ఆ అదురు హ్యాండిలూ ఫుట్‌రెస్టూ సీటూ దాటి మన ఎముకల్లోకి వస్తుంది. అరగంటయ్యేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు బ్రేకు లీవరు ఎంత నొక్కుతున్నామో చేతికి తెలియదు. దానికి విరుగుడు బ్యాలెన్సర్ షాఫ్ట్. క్రాంక్‌కు ఎదురు దిశలో తిరిగే చిన్న బరువు అది. ఎన్‌ఫీల్డ్ పాత 350 ఇంజనులో ఇది లేదు. 2020లో మీటియార్‌తో వచ్చిన కొత్త ఇంజనులో పెట్టారు. అదే ఏడాది వచ్చిన హోండా హైనెస్ సీబీ 350లోనూ ఉంది. పాత బుల్లెట్టు అదురే దాని అందం అనేవాళ్లు నాకు మిత్రులున్నారు. ఆదివారం ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. రోజుకు 50 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగేవాడు మాత్రం ఆ అందాన్ని భరించలేడు.

దీన్ని కొలవడానికి మిషన్లేమీ అక్కర్లేదు. టెస్ట్ రైడ్‌లో హైవే ఎక్కి, పై గేరులో ఎనభైలో పెట్టి, అద్దంలోకి చూడండి. వెనక లారీ నంబరు ప్లేటు మీద అంకెలు నిలకడగా కనబడుతున్నాయా, రెండేసిగా చెదురుతున్నాయా? నేను తోలిన బండ్లలో ఒకదానికి షోరూమ్ కుర్రవాడు ఎంతో చక్కగా చెప్పాడు. "సార్, ఇది హైవేకే పుట్టిన బండి" అన్నాడు. అద్దంలో మాత్రం వెనకున్నది లారీయో బస్సో తెలియలేదు. దించేసి వచ్చాను.

షోరూమ్ వాళ్లు అర కిలోమీటరు తిప్పి "చూశారుగా" అంటారు. ఒప్పుకోవద్దు. లైసెన్సు చూపించి, హెల్మెట్ పెట్టుకుని, కనీసం పది కిలోమీటర్లు, అందులో సగమైనా హైవే అడగండి. లక్షలు పోసి కొనేవాడికి ఆ మాత్రం అడిగే హక్కుంది.

బరువు గురించి రెండు మాటలు. ఆ రాత్రి గాలికి జరిగిన నా 125 బరువు 115 కిలోలకు అటూ ఇటూ. 180, 190 కిలోల బండిని లారీ గాలి కదపగలదు గానీ విసరలేదు. అదే బరువు పార్కింగులో మనకు ఎదురు తిరుగుతుంది. మా స్టాండు నేల కొంచెం ఏటవాలు. ముందు చక్రం పల్లంలో పెట్టామంటే వెనక్కి లాగడం నరకం. నా ఎత్తు అయిదడుగుల అయిదు అంగుళాలు. కొత్త హిమాలయన్ 450 నాకు ఎంతో నచ్చింది. 40 హార్స్‌పవర్, గతుకులన్నీ మింగేసే సస్పెన్షన్. కానీ దాని సీటు 825 మిల్లీమీటర్ల ఎత్తు. ఎక్కి కూర్చుంటే మునివేళ్లే నేలకు తగిలాయి. వర్షానికి బురదైన రోడ్డు పక్కన 196 కిలోల బండిని మునివేళ్ల మీద ఆపాల్సి వస్తే? పొడుగాటి వాళ్లకు అది గొప్ప బండి, నాకు కాదు. మీ పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనాలి. ఈ ఒక్క పరీక్షతో సగం జాబితా తగ్గిపోతుంది.

టైర్ల విషయంలో మన విశాఖ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆటోనగర్, గాజువాక, ప్లాంటు గేట్ల దగ్గర రోడ్డు మీద ఇనుప ముక్కలు దొరకని రోజు లేదు. కట్లు తెగిన తీగ, మేకులు, లేత్ మిషను నుంచి రాలిన చుట్టల రజను. రెండేళ్లలో నా వెనక టైరు నుంచి నాలుగు తీశాను. ఒకటి మా ఇంటి గూట్లో దాచాను. వేలెడంత తీగ ముక్క, ఒక కొన సూదిలా ఉంది. ట్యూబున్న టైరుకు అది దిగితే ట్యూబు చీలి గాలి ఒక్కసారే పోతుంది, ఎనభైలో వెనక చక్రం పాములా మెలికలు తిరుగుతుంది. ట్యూబ్‌లెస్‌లో ఆ తీగే కన్నానికి బిరడాలా ఉండి గాలి నెమ్మదిగా దిగుతుంది. అగనంపూడిలో దిగిన తీగతో ఇల్లు చేరి, పొద్దున చూసుకున్న రోజుంది. పుల్లల చక్రాలు చూడముచ్చటగా ఉంటాయి. అవి చాలావరకు ట్యూబు టైర్లతోనే వస్తాయి. అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు తీసుకోండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఎనభైలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డివైడరు సందులోంచి ఆవు దిగిందని కంటికి తెలిసి చెయ్యి కదిలేలోపే ఆ 22 మీటర్లు అయిపోతాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. కానీ కొన్నిటికి ముందు చక్రానికే ఉంటుంది. రెండు చక్రాలకూ ఉన్నదే అడగండి. మన ఊళ్లో వాన మొదటి పది నిమిషాలు అసలు భయం. రోడ్డు మీది బొగ్గు ధూళి, ఆయిలు, నీళ్లు కలిసి జారుడుబల్ల అవుతుంది. అప్పుడు తెలుస్తుంది రెండు చక్రాల ఏబీఎస్ విలువ.

ఇక ఆదివారం.

మా దారి అనకాపల్లి నుంచి చోడవరం, వడ్డాది, మాడుగుల. మాడుగులలో హల్వా కట్టించుకుని, ఘాట్ ఎక్కి మోదకొండమ్మ తల్లి పాదాల దగ్గర ఆగి దండం పెట్టుకుని, పాడేరు. తెల్లవారకముందే బయలుదేరితే వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడొచ్చు. చలికాలం మొదట్లో అరకు వైపు వలిస పూలు పొలాలన్నిటినీ పసుపు చేస్తాయి. వేసవి వానలు నాలుగు చినుకులు పడ్డాక కాఫీ తోటలు పూస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల కింద కొమ్మ కొమ్మకూ తెల్లటి పూలు, మల్లెల వాసన. కారులో వెళ్లినవాళ్లకు ఆ వాసన రాదు. బండి మీద వెళితే, మలుపు తిరిగేసరికి చలిగాలితో పాటు ముఖానికి తగులుతుంది. ఆదివారం బండి ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు ఇది.

ఘాట్‌లో హార్స్‌పవర్ కన్నా టార్క్ పని చేస్తుంది. ముడి మలుపులో వేగం ఇరవైకి పడిపోతుంది, ఎదురుగా ఆర్టీసీ బస్సు, వెనక మా ఆవిడ, సంచిలో టిఫిను. అక్కడ రెండో గేరులో క్లచ్ పట్టుకోకుండా, ఎగరకుండా లాగే ఇంజను కావాలి. ట్రయంఫ్ స్పీడ్ 400, బజాజ్ డామినార్ 400 లాంటి 40 హార్స్‌పవర్ బండ్లు మలుపు దాటాక రాకెట్లలా పోతాయి, తోలడం వచ్చినవాళ్లకు ఆ ఆనందం వేరు. నాకు మాత్రం నిదానంగా లాగేవే నచ్చాయి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే బతికితే సగం కొండకే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

వెనక కూర్చునే మనిషిని షోరూమ్‌కు తీసుకెళ్లండి. మా ఆవిడ మూడు బండ్లు ఎక్కి దిగి, "దీని మీద పాడేరు దాకా నేను కూర్చోలేనండీ" అని రెండిటిని పక్కన పెట్టించింది. వెనక సీటు వెడల్పు, పట్టుకునే కడ్డీ, చీర చక్రంలో పడకుండా గార్డు, కాళ్లు పెట్టుకునే చోటు, ఇవి తోలేవాడికి కనబడవు. హెల్మెట్ కూడా ఇద్దరికీ ఒకే రకం కొనండి. ఐఎస్ఐ గుర్తున్నది, గడ్డం కింద పట్టీ బిగిసేది. వెనకున్నవాళ్ల తల ఏమీ గట్టిది కాదు.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ, ఆ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటినవాటి మీద సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది కాస్తా 40 అయ్యింది. కాబట్టి 349కీ 398కీ మధ్య ధర తేడా ఇప్పుడు ఇంజనుది మాత్రమే కాదు, పన్నుది కూడా. ఇక మైలేజీ. నెలకు 1,300 కిలోమీటర్లు తిరిగే నాకు 125 బండి లీటరుకు 55 ఇచ్చేది, ఇప్పటిది 35 ఇస్తోంది. నెలకు పదమూడున్నర లీటర్లు ఎక్కువ. లీటరు 108 రూపాయల లెక్కన 1,450 రూపాయల పైమాట. చిన్న మొత్తమేమీ కాదు. ఇంట్లో కూర్చుని ఇద్దరం లెక్క వేసుకున్నాకే ఒప్పుకున్నాం. ఇంత భారం వద్దనుకునేవాళ్లకు 160, 200 సీసీ బండ్లు మధ్యస్థంగా ఉంటాయి, లీటరుకు నలభై పైన ఇస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటరు ప్లాంటుకు వెళ్లి రావడానికి చవక, మా స్టాండులో నెలనెలా పెరుగుతున్నాయి. పాడేరు ఘాట్ ఎక్కి అదే చార్జితో తిరిగి రావడమే ఇంకా నమ్మకం లేని పని.

నేను చివరికి కొన్నది మీటియార్ 350. సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, నా కాళ్లు రెండూ నిండుగా ఆనుతాయి. బరువు 191 కిలోలు, ట్యాంకు 15 లీటర్లు, ట్యూబ్‌లెస్ టైర్లు, రెండు చక్రాలకూ ఏబీఎస్. లోపం లేదనను. కాళ్లు ముందుకు చాపి కూర్చునే ఏ బండికైనా గతుకు దెబ్బ నేరుగా నడుముకే వస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు నిటారుగా కూర్చునేవి చూడాలి. మా మిల్లులో ఆరడుగుల కుర్రవాడొకడు నా మాట విని ఇదే కొనబోతే నేనే ఆపి సీబీ 350 తోలి చూడమన్నాను. ఇప్పుడు దాని మీద తిరుగుతున్నాడు.

సముద్రం పక్కన ఉన్నందుకు మనం బండికి కట్టే పన్ను ఒకటుంది. ఉప్పుగాలి. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన బండిని మంచినీళ్లతో కడగకపోతే నెల తిరక్కుండానే నట్ల తలలు ఎర్రబడతాయి. గొలుసుకు ప్రతి 500 కిలోమీటర్లకూ నూనె పట్టించాలి, నా తిరుగుడుకు అది పది, పన్నెండు రోజులకోసారి. టైర్లలో గాలి వారానికోసారి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఇవి చెయ్యలేనివాళ్లకు ఏ బండీ ఎక్కువ కాలం రాదు.

మొన్న బీ షిఫ్టు దిగి వస్తుంటే లంకెలపాలెం దాటాక మళ్లీ ఒక ట్రైలరు తగిలింది, కడ్డీల లోడు. అద్దంలో చూసుకుని, సిగ్నలు వేసి, కుడికి జరిగి, అయిదో గేరులోనే కొంచెం తిప్పాను. క్యాబిన్ పక్కన గాలి తోసింది, బండి భుజం కదిపి ఊరుకుంది. నాలుగు సెకన్లలో దాటేసి మళ్లీ డెబ్బై అయిదుకు వచ్చేశాను.

మీరూ బండి కొనే ముందు మీ రోజువారీ రోడ్డు మీదే, వీలైతే డ్యూటీ దిగి అలిసిపోయిన పూట, వెనక కూర్చునే మనిషితో సహా ఒకసారి తోలి చూడండి. ఎనభైలో అద్దంలోకి చూస్తే వెనక లారీ నంబరు చదవగలిగారా, అప్పుడే అడ్వాన్సు కట్టండి.